రెండాకులూ ఒకవైపే

మార్చి 3

ఈ షాపులో ఉన్న సమస్త దిండ్లూ, దూది బస్తాలూ, వంగిన స్ప్రింగులూ, ఇంకా వంగని స్ప్రింగులూ, గోడ మీది బల్లీ శ్రద్ధగా వినాలి. ఈ రోజు ఉదయం తొమ్మిది గంటలు మొదలుకొని, సోఫాలకు బట్ట వేసేవాడినీ, ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడినీ, యాభై రెండేళ్ళ వయసువాడినీ అయిన నేను, ఇరవై ఒక్క రోజుల పాటు ఏ మనిషి మీదా ఏ రూపంలోనూ వేళాకోళం చేయను. ఎవరి చెప్పులూ దాచను. కూర్చోబోయేవాడి కింద నుంచి స్టూలు లాగను. గొంతు మార్చి ఫోను చేసి, మీ ఇంటి గోడ కొలవడానికి వస్తున్నాం అని ఎవరినీ హడలగొట్టను. ఇది నా సొంత నిర్ణయం. మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని చేయించిన ప్రమాణం అని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రమాణం చేసిన పది నిమిషాలకే పోస్టుమాన్ వచ్చాడు. అతన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వచ్చి కుర్చీలో కూర్చున్నాక, "అయ్యయ్యో, దానికి జిగురు ఇప్పుడే రాశానే" అన్నాను. జిగురూ లేదు, గిగురూ లేదు. పాపం, లేస్తే ప్యాంటు చిరుగుతుందని పావుగంట కదలకుండా కూర్చున్నాడు. ఆ పావుగంటా అతనికి టీ ఇప్పించాను. దాన్ని వేళాకోళం అనరు, మర్యాద అంటారు.

ప్రమాణం ఎందుకంటే, మా బావమరిది నన్ను "బావా" అని పిలిచి ఐదు నెలలైంది. వాడు నన్ను మళ్ళీ బావా అనేదాకా మా ఆవిడ నాతో నవ్వదట. నవ్వకపోతే పోనీ అనుకున్నాను గానీ, నేను ఒక మాట అన్నాక ఎదుటి మనిషి నవ్వకపోతే నాకు అన్నం అరగదు.

మా ఆవిడ తమ్ముడు వడ్రంగి. ఇరవై రెండేళ్ళుగా ఒకే కప్పు కింద వాడి షాపూ నా షాపూ. మధ్యలో చెక్కల గోడ, ఆ గోడకో తలుపు. చెక్క పని వస్తే అటు పోతుంది, బట్ట పని వస్తే ఇటు వస్తుంది. అలాంటి తలుపుకి వాడు ఐదు నెలల కింద అటువైపు నుంచి మేకులు కొట్టేశాడు. పదకొండు. నేను ఇటు కూర్చుని ఒక్కో దెబ్బా లెక్కపెట్టాను.

కారణం చాలా చిన్నది. వాళ్ళ వడ్రంగి సంఘం వారి పోటీకి వాడు ఏడు నెలలు కూర్చుని ఒక కుర్చీ చెక్కాడు. మెత్త నేను వేశాను. మెత్తలో, పిల్లల రబ్బరు బొమ్మల్లో ఉండే పీక ఒకటి పెట్టాను. సంఘం అధ్యక్షుడు కూర్చున్నాడు. కీచ్. కంగారుగా లేచాడు. కీచ్. ఈసారి జాగ్రత్తగా, మెల్లగా కూర్చున్నాడు. కీ...చ్. హాలంతా గొల్లుమంది. అంతే జరిగింది. బహుమతి బెంచీ చేసినవాడికి ఇచ్చారు.

దీనికి ఐదు నెలలా?

ఇవాళ మధ్యాహ్నం పళ్ళ డాక్టరమ్మ చిన్న సోఫా ఒకటి తెచ్చింది. ఇద్దరు పట్టే పాత సోఫా, టేకు. వీపు మీద పొడవునా చెక్క పట్టీ, పట్టీకి రెండు చివర్లా చెక్కిన ఆకులు. కుడివైపు ఆకు లేదు. మొదలంటా విరిగిపోయింది.

"ఎలా విరిగింది డాక్టరమ్మా?"

"నేను లోపల మెషీను ఆన్ చేశాను. బయట ఒక లావుపాటాయన తన వంతు కోసం కూర్చున్నాడు. ఆ చప్పుడు విని దొరికిన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అది చేతిలోకి ఊడొచ్చింది. దాంతో సహా పారిపోయాడు."

"మరి పన్ను?"

"పన్ను ఆయన దగ్గరే ఉంది. ఆకూ ఆయన దగ్గరే ఉంది. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నాడు. మేస్త్రీ గారూ, ఈ సోఫా మా అమ్మది. చెల్లెలింటికి వెళ్ళింది. పద్దెనిమిదిన వస్తోంది. రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి ఆ ఆకులు తుడవనిదే ఆవిడకి తెల్లారదు. ఈలోపు చేసేయాలి. చెక్క పని మీరు చేస్తారా, పక్కాయన చేస్తారా?"

"పక్కాయనా? పక్కన ఎవరున్నారండీ?" అన్నాను.

సరిగ్గా అప్పుడే గోడ అవతల చిత్రిక పట్టడం మొదలైంది. సర్ర్, సర్ర్. డాక్టరమ్మ గోడ వైపు చూసింది. నేను బల్లి వైపు చూశాను.

మార్చి 4

చెక్కపని ఏముంది? ఆకేగా.

మార్చి 5

ఉలి దొరికింది. టేకు ముక్క దొరికింది. కూర్చుని పొద్దున్నించీ చెక్కాను. చెక్క నా మాట వినే రకం కాదు. బట్టయితే ఇటు లాగితే ఇటు వస్తుంది. చెక్కని ఇటు లాగితే అటు చీలుతుంది. రెండు వేళ్ళు తెగాయి. మూడోది కూడా తెగేదే, కానీ టీ వచ్చింది.

సాయంత్రానికి ఆకు తయారైంది. తొడిమ ఉంది. ఈనెలు ఉన్నాయి. కాస్త లావుగా ఉంది, అంతే.

మా ఆవిడ టిఫిను డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చి దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"కప్ప బాగుంది" అంది.

"అది ఆకు."

"ఆకు మీద కూర్చుందా?"

నవ్వకుండా అంది. నవ్వి అంటే ఊరుకునేవాణ్ణి.

మార్చి 6

కప్ప కాదు.

మార్చి 8

ఇవాళ డాక్టరమ్మ వచ్చి కప్పని చూసింది. మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. దాన్ని బోర్లా పెట్టి, "మేస్త్రీ గారూ, మేము పన్ను పోతే ఎలా కడతామో తెలుసా? పక్క పన్ను చూసి కడతాం. అచ్చు తీస్తాం" అంది.

సంచీలోంచి గులాబీ రంగు పొడి తీసింది. నీళ్ళు కలిపి ముద్ద చేసింది. ఎడమవైపు బాగున్న ఆకుకి నూనె రాయించి, దాని మీద ముద్ద పెట్టి అదిమింది. అలవాటు ఎక్కడికి పోతుంది? సోఫాతో, "కదలకండి, రెండే రెండు నిమిషాలు, ముక్కుతో గాలి పీల్చండి" అంది. తర్వాత నాలిక్కరుచుకుంది. నేను మాత్రం సోఫా తరఫున ఆ అని నోరు తెరిచాను. ఇది వేళాకోళం కిందికి రాదు, నోరు నాది.

ముద్ద గట్టిపడ్డాక ఊడదీసింది. లోపల ఆకు గుంట అచ్చుగుద్దినట్టు పడింది. ప్రతి ఈనే కనిపిస్తోంది.

"అయితే మీరు వెళ్ళి పళ్ళు చూసుకోండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. పోతూ పోతూ నా పళ్ళు చూసి, "మీరూ ఒకసారి రండి" అంది. రాను.

మార్చి 9

రంపపు పొడి, జిగురు. పొడి ఎక్కువైతే పగులుతోంది, జిగురు ఎక్కువైతే జారుతోంది. నాలుగోసారికి కుదిరింది. అచ్చులో కూరాను. రేపు చూడాలి.

కూరడం దగ్గర నన్ను మించినవాడు లేడు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది అదేగా.

మార్చి 10

వచ్చింది! ఆకు! ఆకంటే ఆకే! దేవుడు చేసిన ఆకుకే ఇన్ని ఈనెలుండవు. గరుకు కాగితం పెట్టి అంచులు రుద్దాను. విరిగిన చోట జిగురు రాసి అతికించాను, చీల దిగ్గొట్టాను, రంగు వేశాను, పైన వార్నిష్ పూశాను. మూడడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో కన్న తల్లి కూడా చెప్పలేదు.

సంతోషం పట్టలేక సోఫాతో పైకే మాట్లాడాను. "ఏమమ్మా, చెక్కపని చెక్కపని అని కొంతమంది ఇరవై రెండేళ్ళుగా ఎంత బడాయి పోయారు! రెండు రోజుల పనేగా!"

గోడకి వినపడేటట్టే అన్నాను. చిత్రిక ఆగింది. మళ్ళీ మొదలు కావడానికి చాలాసేపు పట్టింది. ఆ మధ్యలో నేను ఈల వేశాను.

మార్చి 11

మా ఆవిడ టిఫిను తెచ్చింది. సోఫాని చూసింది. తల ఎడమవైపు వంచింది. కుడివైపు వంచింది.

"ఏమండీ, రెండూ ఒకవైపే చూస్తున్నాయేం?"

"ఏవి?"

"ఆకులు."

చూశాను. ఎడమ ఆకు కొన కుడివైపుకి వంపు తిరిగి ఉంది. సరైనదే. కుడి ఆకు దానికెదురుగా ఎడమకి తిరగాలి. తిరగలేదు. అదీ కుడివైపుకే తిరిగింది. రెండు ఆకులూ ఒకదానికొకటి ఎదురుబొదురుగా చూసుకోవాల్సింది పోయి, ఎడమది కుడిదాని వీపు చూస్తోంది, కుడిది కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఎడమ ఆకు మీద అచ్చు తీస్తే ఎడమ ఆకే వస్తుంది. ఇంకేం వస్తుంది?

నా తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలుస్తోంది. నాది బట్ట బుర్ర. సోఫాకి ఎడమ చేతి మీద బట్ట కత్తిరించాక, అదే కొలత బట్టని తిరగేసి కత్తిరిస్తే కుడి చేతికి సరిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఎడమని తిరగేస్తే కుడి. చెక్కని తిరగేస్తే వీపొస్తుంది. ఈ ముక్క చెప్పేవాళ్ళు లేక కాదు. చెప్పేవాడు గోడ అవతల ఉన్నాడు.

ఊడబీకి తలకిందులుగా పెట్టి చూశాను. కొన నేలని చూస్తోంది, ఆకు ఏడుస్తున్నట్టుంది. వెనక్కి తిప్పి పెట్టాను. చదునుగా ఉంది, చేప చెక్కలా. మళ్ళీ మొదటిలాగే అతికించాను.

డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పి చూశాను. "అమ్మా, గాలి ఎటు వీస్తే చెట్టు మీది ఆకులన్నీ అటే తిరుగుతాయి కదా. అదీ సహజంగా ఉంటుంది, కొత్త రకం కూడా."

"మేస్త్రీ గారూ, ఆ సోఫా మీద ముప్పై ఏళ్ళుగా గాలి లేదు. మా అమ్మకి గుర్తుంటుంది" అంది.

మార్చి 12

చెక్కల గోడలో నా బల్ల దగ్గర ఒక కన్నం ఉంది. చెక్కలో ముడి ఊడిపోయిన కన్నం. ఆ మధ్యదాకా మేకులూ, పెన్సిళ్ళూ, బిస్కెట్లూ అందులోంచే అటూ ఇటూ వెళ్ళేవి. ఇప్పుడు అటువైపు నుంచి వాడు గుడ్డ కుక్కాడు.

చీటీ రాశాను. "ఒక ఆకు కావాలి. టేకు. కుడిది. నాకు కాదు, కస్టమరుకి." పుల్లతో గుడ్డని తోసి చీటీ పడేశాను.

గంట తర్వాత చీటీ తిరిగొచ్చింది. వెనకాల వాడి గుండ్రటి రాత.

"అయ్యా, కస్టమర్లు షాపు ముందువైపు నుంచి రావలెను. పనివేళలు పది నుంచి ఆరు. తమరి వస్తువు తమరే తీసుకుని రాగలరు. ఇట్లు, వడ్రంగి."

అయ్యా అట! తమరట! ఎవరికి రాశాడు ఇది? వాడి మీసాలకి మొదటిసారి కత్తెర పెట్టింది నేను. వాడికి సైకిల్ నేర్పింది నేను, పడేసింది కూడా నేనే. "ఒరే సన్నాసి బావా" అని రాసినా ఇంత మంట పుట్టేది కాదు. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవడానికి కళ్ళజోడు పెట్టుకున్నాను. తమరే.

వెళ్ళను. గుమ్మం ముందు బెంచీ మీద వరసలో కూర్చుని, నా వంతు కోసం చూడమంటాడా నన్ను?

మార్చి 13

మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఇవాళ అడిగేశాను.

"నీకేమైనా తెలుసా? ఒక కీచుకి ఇన్ని నెలలా?"

"కీచుకి కాదు."

"మరి దేనికి?"

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"తెర వెనకాల." నవ్వు బయటికి రాకుండా నోట్లో రుమాలు కుక్కుకుని, చెవుల్లోంచి కూడా నవ్వుతున్నాను అప్పుడు.

"అందుకే వినలేదు" అంది. చొక్కా చేతులు మడిచింది. "అధ్యక్షుడాయన కుర్చీ చుట్టూ తిరిగి, చెక్కడం చాలా బాగుందయ్యా అన్నాడు. తమ్ముడు ఏమన్నాడో తెలుసా? 'చూస్తే ఏం తెలుస్తుందండీ, ఒక్కసారి కూర్చోండి. ఆ మెత్త మా బావ చేతిది. అంత మెత్తగా ఈ ఊళ్ళో ఎవరూ వేయలేరు' అన్నాడు. బహుమతి వస్తే ఫలకం మీద ఇద్దరి పేర్లూ రాయమని ముందే వెళ్ళి చెప్పొచ్చాడు."

నేను దొంతర మీది రుమాలు తీసి మళ్ళీ మడతపెట్టాను.

"వాడు కూర్చోమన్నాడు కాబట్టే ఆయన కూర్చున్నాడు" అంది. "లేకపోతే చూసి వెళ్ళిపోయేవాడు."

మడతపెట్టిన బట్టల దొంతర లోపలికి తీసుకెళ్ళింది. నా చొక్కా ఒకటి కింద పడింది. తీయలేదు.

మార్చి 14

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 14, సాయంత్రం

పోస్టుమాన్ వచ్చాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. కూర్చోడట. నిలబడే ఉంటాడట. "జిగురు లేదయ్యా బాబూ" అన్నాను. "మొన్న ఉందన్నారుగా" అన్నాడు. "మొన్న కూడా లేదు" అన్నాను. అతని ముఖం చూడాలి. చూడకుండా ఉంటే బాగుండేది.

మార్చి 15

ఉదయం పది గంటలకి సోఫా ముందు కాళ్ళు పోస్టుమాన్ పట్టుకున్నాడు, వెనక కాళ్ళు నేను పట్టుకున్నాను. నా గుమ్మం నుంచి వాడి గుమ్మానికి ఎనిమిది అడుగులు. అంతకంటే ఎక్కువే ఉందనిపించింది. మధ్యలో పోస్టుమాన్ రెండుసార్లు ఆగి, "ఇందులో ఏమీ లేదుగా?" అని అడిగాడు. పాపం, మెత్తని వేలితో పొడిచి కూడా చూశాడు.

బెంచీ మీద నాకంటే ముందు ఇద్దరున్నారు. ఒకావిడ విరిగిన స్టూలు కాలుతో, ఒక ముసలాయన చేతికర్రతో. నేను చివర కూర్చున్నాను. వాడు తలెత్తలేదు. స్టూలు కాలు చూశాడు, రేపు రమ్మన్నాడు. చేతికర్రకి రబ్బరు బిళ్ళ తొడగాలట, అందుకు తీరిగ్గా రెండు మూడు రబ్బరు బిళ్ళలు తొడిగి చూశాడు. నేనెంతసేపు కూర్చోగలనో లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు. కూర్చున్నాను.

"తర్వాత ఎవరండీ?" అన్నాడు, నేనొక్కణ్ణే మిగిలి ఉండగా.

"నేను."

"చెప్పండి."

అప్పుడు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. అవి ఇక్కడ రాసుకునేంత గొప్పవేమీ కావు. ముసలాయన రబ్బరు బిళ్ళ చూసుకుంటూ ఇంకా అక్కడే నిలబడ్డాడు, ఎంతకీ కదలడే.

తర్వాత వాడు సోఫా దగ్గరికి వచ్చాడు. ముందు ఎడమ ఆకు చూశాడు. తర్వాత కుడి ఆకు చూశాడు. వంగి మళ్ళీ చూశాడు. వాడి బుగ్గ అదరడం నేను గమనించాను. పెదవులు బిగబట్టాడు, లాభం లేకపోయింది.

"బావా, రెండాకులూ ఒకవైపే చూస్తున్నాయి!" అన్నాడు.

అంతే, రంపపు పొట్టులో చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకో తెలియకపోయినా ముసలాయనా నవ్వాడు, కర్ర కింద పడింది. "ఎవరు చేశారు ఇది?" అన్నాడు వాడు కళ్ళు తుడుచుకుంటూ. "పళ్ళ డాక్టరు" అన్నాను. మళ్ళీ నవ్వాడు.

బావా అన్నాడు. రాసి పెడుతున్నాను. మార్చి పదిహేను, ఉదయం పదిన్నర. బావా అన్నాడు.

తర్వాత చేసిన పని చూడండి. తెల్ల కాగితం తీశాడు. ఎడమ ఆకు మీద పరిచి పెన్సిలు అడ్డంగా పట్టి రుద్దాడు. ఆకు కాగితం మీదికి దిగింది. కాగితాన్ని తిరగేశాడు. కిటికీ అద్దానికి ఆనించి గీతలు దిద్దాడు. కుడి ఆకు!

తిరగేశాడు, అంతే. ముప్పై ఏళ్ళుగా రోజూ తిరగేసేవాణ్ణి, నాకా సంగతి తట్టలేదు. నేను తిరగేయాల్సింది కాగితం, చెక్క కాదు.

మార్చి 16

నా రంపపు పొడి ఆకుని వాడు ఒకే దెబ్బతో ఊడగొట్టాడు. విరిగిన చోటుని రంపంతో ఏటవాలుగా కోసి చదును చేశాడు. పాత మంచపు కోడు ఒకటి వెతికి, దాంట్లోంచి అదే రంగు, అదే నార ఉన్న టేకు ముక్క కోశాడు. ముందు అతికించాడు, ఆ తర్వాతే చెక్కాడు. "ముందు చెక్కి తర్వాత అతికిస్తే అతుకు కనిపిస్తుంది. ముందు అతికిస్తే అతుకు మీదుగా ఈనె పోతుంది" అన్నాడు. అతుకు చోట సరిగ్గా ఒక ఈనె తెచ్చి పడేశాడు. గోటితో తడిమినా దొరకలేదు.

నేను సోఫా కదలకుండా పట్టుకున్నాను. పొట్టు ఊదాను. వాడు రెండు చేతులతో పట్టి కూర్చోబెట్టినప్పుడు కూర్చున్నాను. మధ్యలో ఉలి అందించేటప్పుడు ఉలికి బదులు అరటిపండు అందించాను. చూడకుండా పుచ్చుకుని, చెక్క మీద పెట్టి, సుత్తి ఎత్తాక చూశాడు. అది ప్రమాణంలో లేదు. చెప్పులు, స్టూళ్ళు, ఫోను అని రాశాను, పళ్ళ సంగతి రాయలేదు.

సాయంత్రం, సోఫా ఇటు తేవాలంటే మళ్ళీ వీధిలోకి ఎందుకని, వాడు తలుపు మేకులు ఊడపీకాడు. పదకొండు. వంకరపోయిన వాటిని సుత్తితో తిన్నగా చేసి డబ్బాలో వేసుకున్నాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. "మీ తమ్ముడు నన్ను బావా అన్నాడు."

"ఎప్పుడు?"

"నిన్న. పదిన్నరకి."

"అలాగా" అంది.

అలాగా ఏమిటి? ఐదు నెలలు నవ్వకుండా కూర్చుని, చివరికి అలాగానా? వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళి, "బావా అనే అన్నాడు, ముసలాయన్ని అడుగు" అన్నాను. "ఏ ముసలాయన?" అంది. ఆయన ఎక్కడుంటాడో నాకూ తెలియదు.

మార్చి 17

బట్ట వేశాను. కొత్త స్పాంజి, నాలుగు పొరలు. సోఫా తీసుకెళ్ళి డాక్టరమ్మ గదిలో దించుతుండగా వాళ్ళమ్మ ఆటో దిగింది. పద్దెనిమిది అన్న మనిషి పదిహేడున వచ్చేసింది. డాక్టరమ్మ రంగు మారింది. నేనూ బావమరిదీ గోడకి ఆనుకుని నిలబడ్డాం.

పెద్దావిడ చెప్పులు విప్పింది. కొంగుతో ఎడమ ఆకు తుడిచింది. కుడి ఆకు తుడిచింది. ఆగింది. కొంగుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది కొత్తది" అంది.

ఎవరం మాట్లాడలేదు. లోపల కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు కూడా మాట్లాడలేదు.

"చాలా బాగుంది. ఆ రెండోది మురికిపట్టి పోయింది. దాన్నీ ఇలాగే మార్చండి" అంది.

బావమరిది నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. గట్టిగానే. బయటికొచ్చి ఇద్దరం కరెంటు స్తంభం పట్టుకుని నవ్వాం.

"ఈసారి మీరే చేయండి, అచ్చు తీసి" అన్నాడు.

మార్చి 18

ఇవాళ ఉదయం మా ఆవిడ నవ్వింది. నేనేమీ అనలేదు, తనంతట తనే. కప్పని అల్మారాలో గాజుగ్లాసుల పక్కన పెట్టి, దాన్ని చూసి నవ్వింది. సంబరంగా ఉండాలి. ఉంది.

మధ్యాహ్నం తలుపు తీసుకుని బావమరిది వచ్చాడు. "ఇదిగో, ఈ సోఫా చెయ్యి వదులైంది, పట్టీ బిగించి ఇవ్వండి" అన్నాడు. టీ తాగాడు. కూర్చోబోయే ముందు నా స్టూలుని కాలితో ఒకసారి కదిపి చూశాడు. వెళ్తూ, "రేపు ఎనిమిదింటికే తీస్తాను, రండి, రెండో ఆకు మొదలుపెడదాం" అన్నాడు.

వాడు వెళ్ళాక పాత పేజీలు తిరగేసి చదువుకున్నాను.

పదిహేనో తారీఖున రాసినదంతా నిజమే. బెంచీ మీద కూర్చున్నది నిజం. అవీ ఇవీ అని రాసింది, నేను క్షమించమని అడిగిన సంగతి. ముసలాయన ముందే అడిగాను. "నువ్వు కూర్చోమన్నావని ఆయన కూర్చున్నాడు. ఆ కూర్చోమన్న మాట నేను వినలేదు. విని ఉంటే తెర చించుకుని వచ్చి ఆపేవాణ్ణి" అన్నాను. వాడు చిత్రిక పక్కన పెట్టి అంతా విన్నాడు. లేచి సోఫా దగ్గరికి వచ్చాడు. ఆకులు చూశాడు. నవ్వాడు. పొట్టులో చతికిలబడిందీ నిజం, కళ్ళు తుడుచుకుందీ నిజం.

కానీ బావా అనలేదు. అప్పుడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఇదిగో అన్నాడు, చూడండి అన్నాడు, అటు పట్టుకోండి అన్నాడు. ఆ పదిన్నరకి వాడన్నది, "రెండాకులూ ఒకవైపే చూస్తున్నాయి" అని, అంతవరకే. ఇంటికొచ్చి ఆ మాట డైరీలో రాస్తుంటే ముందు కాస్త చోటు ఖాళీగా కనిపించింది. ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేని చెయ్యి నాది. బావా అన్నది నేనే కూరాను.